అత్తగారికి డైలాగ్ వినబడాలి

హోమ్ థియేటర్ కొన్నవాళ్ళు ఇంటికొచ్చినవాళ్ళకి ముందు చూపించేది బేస్ పలికించే పెద్ద డబ్బా, సబ్‌వూఫర్. సోఫా అదిరితే గొప్ప. మా ఇంట్లో పరీక్ష వేరు. ఫ్యాన్ తిరుగుతుండగా మా అత్తగారు "ఏటన్నాడమ్మా?" అని అడక్కుండా సినిమా అయిపోవాలి.

5.1లో, అంటే అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్న సెట్‌లో, మాటలు దాదాపు అన్నీ టీవీ దగ్గర మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్‌లోంచే వస్తాయి. దాన్నేమో చాలామంది టీవీ యూనిట్ అరలో లోపలికి తోసేసి, ముందు రిమోట్లు, వినాయకుడి బొమ్మ పెడతారు. ఇంకేముంది, హీరో డబ్బాలో కూర్చుని మాట్లాడినట్టుంటుంది. నేను దాన్ని అర అంచుదాకా లాగి, ముందువైపు కింద రబ్బరు ముక్క పెట్టి, మూతి మా చెవులవైపు ఉండేలా ఎత్తాను. స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె, రిసీవర్‌లో సెంటర్ ఒక్కటే రెండు మూడు డెసిబెల్స్ పెంచాను. మొత్తం వాల్యూమ్ పెంచే పని తప్పింది.

వెనక స్పీకర్లు పలకడం లేదని మా బంధువులు ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది టీవీ సెట్టింగ్ గురించే. డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే, టీవీ శబ్దాన్ని రిసీవర్‌కి పంపే హెచ్‌డీఎంఐ ఆర్క్ కేబుల్‌లో ఎడమ, కుడి రెండు చానెళ్ళే వెళ్తాయి. శబ్దాన్ని విప్పకుండా రిసీవర్‌కే పంపేలా బిట్‌స్ట్రీమ్ అనో పాస్‌త్రూ అనో మార్చి, రిసీవర్ మీద డాల్బీ అని పడుతోందో లేదో చూడాలి. ఓటీటీకి మామూలు ఆర్క్ చాలు. బ్లూ-రే డిస్కుల్లో ఉండే మేలురకం డాల్బీ శబ్దం, ట్రూహెచ్‌డీ కావాలంటే ఆర్క్‌కి పై మెట్టయిన ఈఆర్క్ ఉండాలి, లేదా ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కే కలపాలి.

సరౌండ్ స్పీకర్లు, అంటే ఆ వెనక స్పీకర్లు, మరీ వెనక్కి పోకూడదు. టీవీకి ఎదురుగా కూర్చుంటే భుజాల పక్కనుంచి కాస్త వెనగ్గా, టీవీ వైపు సున్నా అనుకుంటే 110 నుంచి 120 డిగ్రీల దగ్గర, చెవి ఎత్తుకి కొంచెం పైన ఉంటే సరి. సోఫా గోడకి ఆనించి ఉంటే అది కుదరదు, బేస్ కూడా బొయ్యిమంటుంది. మావారు గొణుక్కుంటూనే సోఫా ముందుకి జరిపారు.

ఇక మా విశాఖ సముద్రతీరం, లాసన్స్ బే గాలి సంగతి. ఈ ఉప్పుగాలికి గేటు చువ్వలే తుప్పు పడతాయి, సన్నటి రాగి తీగ ఒక లెక్కా? స్పీకర్ వైరు చివర పచ్చగా చిలుము పడుతుంది, ఓ రోజు ఎడమ స్పీకర్ గరగరమంటుంది. కొత్త స్పీకర్ కొనకండి. చిలుము పట్టిన ముక్క కత్తిరించి, కొత్త రాగి బయటపడేలా ఒలిచి, గట్టిగా బిగించండి. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. ఒక స్పీకర్‌కి అటూ ఇటూ అయితే బేస్ పల్చబడిపోతుంది.

హాల్లో చప్పట్లు కొట్టి చూడండి. నున్నటి టైల్స్, బోడి గోడలు, బాల్కనీ అద్దాలు కలిసి టింగుమని తిరిగి పలికితే, టీవీకీ సోఫాకీ మధ్య తివాచీ, అద్దాలకి మందపాటి కర్టెన్లు వేయండి. స్పీకర్ల శబ్దం కొలిచి రిసీవర్‌ని సరిచేసే ఆటో సెటప్ మైకు ఆ తర్వాతే పెట్టాలి, ఫ్యాన్ ఆపి, కూర్చునేచోట చెవి ఎత్తులో. రాత్రిపూట పెద్ద చప్పుళ్ళని తగ్గించి చిన్నవాటికి దగ్గర చేసే డైనమిక్ రేంజ్ కంప్రెషన్ ఆన్ చేస్తాను. కింది ఫ్లాట్ మాస్టారు తొమ్మిదింటికే పడుకుంటారు.

సబ్‌వూఫర్‌కి చోటు వెతకడం మాత్రం సరదా పని. దాన్ని తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టి, బేస్ ఉన్న పాట పెట్టి, మనం నేలమీద పాకుతూ హాలంతా వినాలి. ఎక్కడ బేస్ నిండుగా, ముద్దగా కాకుండా వినబడితే అదే దాని చోటు. మా ఇంట్లో ఆ చోటు సరిగ్గా దేవుడి మందిరం పక్కన తేలింది. అత్తగారు ససేమిరా అన్నారు. బేరం దివాన్ పక్కన కుదిరింది.