మందు కొట్టినా పిడుదులు మళ్లీ ఎందుకొస్తాయి

మందు కొట్టిన వారానికి ఆవు శుభ్రంగా కనిపిస్తుంది. నెల తిరక్కముందే పొదుగు చుట్టూ మళ్లీ పిడుదులు. మందు మంచిది కాదని చాలామంది మార్చేస్తారు. చాలాసార్లు తప్పు మందుది కాదు, రెండో విడత ఎగ్గొట్టడంలో ఉంటుంది.

రిపిసెఫాలస్ మైక్రోప్లస్ రకం పిడుదు, పిల్లగా ఎక్కిన పశువు మీదే పెద్దదవుతుంది. సుమారు మూడు వారాల్లో రక్తం తాగి, ఆముదపు గింజలా ఉబ్బి రాలిపోతుంది. నేల నెర్రెల్లో, చెత్త కింద రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. వాటి పిల్లలు తిండి లేకుండా నెలల తరబడి గడ్డి కొసల మీద కాచుక్కూర్చుంటాయి. అందుకే వెచ్చని, తేమ కాలంలో రెండు వారాలకోసారి మూడు నాలుగు విడతలు కొట్టాలి. అప్పుడే కొత్తగా ఎక్కినవి గుడ్ల దాకా పోవు.

హయలోమా అనే మరో రకం పిడుదు దారి వేరు. దాని కాళ్ల మీద లేత రంగు పట్టీలుంటాయి. మధ్యలో దిగి గోడ పగుళ్లలో కుబుసం విడిచి మళ్లీ ఎక్కుతుంది. పగుళ్లు పూడ్చకుండా పశువుకు ఎంత కొట్టినా వృథా.

పిడుదుల మందు 12.5 శాతం అమిట్రాజ్ అయితే లీటరు నీటికి 2 మి.లీ. కలపాలి. పెద్ద పశువుకు మూడు నుంచి ఐదు లీటర్లు కావాలి. వీపు తడిపి వదిలేస్తే లాభం లేదు. చెవుల లోపలి అంచు, గంగడోలు మడతలు, తోక మొదలు, తొడల సందు, పొదుగు వెనుక చర్మం దాకా తడవాలి, పిడుదులు ఉండేదే అక్కడ. పాలు పితికాక, ముందు నీళ్లు తాగించి, ఎండ లేనప్పుడు కొట్టండి. దాహంతో ఉన్న పశువు ఒళ్లు నాకుతుంది. చెప్పిన మోతాదు కంటే మందు పలచన చేయొద్దు, బతికిన పిడుదులే మందుకు లొంగని సంతతిని కంటాయి. పాలిచ్చే పశువుకు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వద్దు, అది పాలలోకి వస్తుంది.

సంకరజాతి ఆవులకు పిడుదులు బాగా పడతాయి. బురదలో పొర్లే గేదెలకు తక్కువే, కానీ కట్టేసి పెంచే గేదెల్నీ దూడల్నీ తప్పక చూడాలి. పిడుదుల్ని చేత్తో చిదమకండి, వాటి రక్తంతో మనుషులకూ ప్రాణాంతక జ్వరం సోకవచ్చు.

భుజం ముందు గడ్డ ఉబ్బి తీవ్ర జ్వరముంటే థైలీరియా, మూత్రం కాఫీ రంగులో వస్తే బబేసియా అనే పిడుదుల ద్వారా సోకే జబ్బుల్ని అనుమానించి, రక్తపరీక్షకు ఆ రోజే డాక్టరును పిలవండి.