మాస్టారు చెరిపేసిన రెండు పేర్లు

మన పాఠశాల చదరంగం జట్టు గురించి ఈ సంచికకు రాయమని మిత్రులు అడిగినప్పుడు, గెలిచిన పోటీల కన్నా, తెచ్చిన కప్పుల కన్నా ముందు నా కళ్ళముందు మెదిలింది తొమ్మిదో తరగతి గదిలోని నల్లబల్ల. దాని మీద మా లెక్కల మాస్టారు సుద్దముక్కతో వరుసగా రాసిన పేర్లు, వాటి పక్కన మార్కుల్లాంటి అంకెలు నాకు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. ఆ పేర్లలో అయిదోది లియోనిద్ స్టెయిన్. నా చదరంగం చదువంతా ఆ పేరు చుట్టూనే సాగింది కాబట్టి, ఈ వ్యాసం కూడా ఆయన గురించే రాస్తున్నాను.

అది 1972. రేక్జావిక్‌లో బాబీ ఫిషర్, బోరిస్ స్పాస్కీల మధ్య ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ జరిగి, చదరంగం అంటే ఏమిటో తెలియని వాళ్ళ నోళ్ళలో కూడా ఫిషర్ పేరు నానుతున్న రోజులు. మాలో ప్రతివాడూ ఫిషర్ కావాలనుకునేవాడే. సాయంత్రం బడి విడిచాక ఉండిపోయే పదిమందిమి మాస్టారు చుట్టూ చేరి ఫిషర్ ఆటలే చెప్పమని పట్టుబట్టేవాళ్ళం. ఆయన ఒకరోజు, "ఫిషర్ గురించి పేపర్లన్నీ రాస్తున్నాయి కదరా, పేపర్లు రాయని మనిషి గురించి నేను చెబుతాను, వినండి" అన్నారు. ఆ రోజు మొదలుపెట్టిన స్టెయిన్ కథ ఆ ఏడాదంతా సాగింది.

స్టెయిన్ 1934 నవంబరు 12న, అప్పటి సోవియట్ ఉక్రెయిన్‌లోని కామెనెట్స్-పొదోల్స్క్‌లో పుట్టాడు. ఆటగాడిగా ఎదిగింది ల్వోవ్ నగరంలో. పదేళ్ళ వయసుకే అద్భుతాలు చేసిన బాలమేధావుల కోవలోని వాడు కాదు. సైన్యంలో ఉన్న రోజుల్లో సైనికుల చదరంగం పోటీల్లో పేరు తెచ్చుకున్నాడు, మాస్టర్ హోదా ఇరవై దాటాక గాని రాలేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు మాస్టారి గొంతులో ఒక ప్రత్యేకమైన ఆప్యాయత ఉండేది, ఎందుకంటే మాలో చాలామందిమి ఎనిమిదో తరగతికి వచ్చాకనే పావులు పట్టుకోవడం నేర్చుకున్నవాళ్ళం. 1960లో, మళ్ళీ 1962లో స్టెయిన్ ఉక్రెయిన్ ఛాంపియన్ అయ్యాడు. ఈ రెంటికీ నడుమ, 1961 మొదట్లో మాస్కోలో జరిగిన సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో గెల్లర్‌తో కలిసి మూడో స్థానం పంచుకున్నాడు. ఆ పోటీ చివరి రౌండులో ఆయన ఓడించింది స్పాస్కీని. ఆ ఓటమితో స్పాస్కీకి ఇంటర్‌జోనల్ దారి మూసుకుపోయి, స్టెయిన్‌కు తెరుచుకుంది. అప్పటికి స్టెయిన్ వయసు ఇరవై ఆరు.

ఇంటర్‌జోనల్ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పవలసి ఉంటుంది. ఆ రోజుల్లో ప్రపంచ ఛాంపియన్‌ను సవాలు చేయాలంటే మెట్లు వరుసగా ఎక్కాలి. సొంత దేశం నుంచో, ప్రాంతం నుంచో ఎంపికై ఇంటర్‌జోనల్ పోటీలో ఆడాలి. అక్కడ మొదటి ఆరు స్థానాల్లో నిలిచినవాళ్ళు క్యాండిడేట్స్ దశకు వెళతారు. క్యాండిడేట్స్ గెలిచినవాడు ఛాంపియన్‌తో తలపడతాడు. అయితే ఇంటర్‌జోనల్ నుంచి ఒకే దేశం వాళ్ళు ముగ్గురికి మించి ముందుకు వెళ్ళకూడదని ఒక నిబంధన ఉండేది. ఆనాటి మేటి ఆటగాళ్ళలో సగం మంది సోవియట్ వాళ్ళే కావడం వల్ల, ఆ కట్టడి లేకపోతే క్యాండిడేట్స్ వాళ్ళ ఇంటి పోటీగా మారిపోతుందన్న భయంతో పెట్టిన నియమం అది. మాస్టారు ఆ కారణాన్ని దాచకుండా చెప్పారు. నియమంలో న్యాయం లేకపోలేదని ఈ వయసులో నేనూ ఒప్పుకుంటాను. కాని దాని బరువంతా వచ్చి ఒక్క మనిషి నెత్తిన పడింది.

1962లో స్టాక్‌హోమ్‌లో స్టెయిన్ ఆరో స్థానాన్ని గ్లిగోరిచ్, బెంకోలతో పంచుకున్నాడు. ఆ ముగ్గురి మధ్య జరిగిన అదనపు పోటీలో మొదట నిలిచింది స్టెయినే. అయినా పెట్రోస్యాన్, గెల్లర్, కోర్చ్‌నోయ్‌లతో సోవియట్ కోటా అప్పటికే నిండిపోయింది, అందుచేత క్యాండిడేట్స్‌కు బెంకో వెళ్ళాడు. ఆ ఏడాదే స్టెయిన్‌కు గ్రాండ్‌మాస్టర్ బిరుదు వచ్చింది.

ఇక ఆ నల్లబల్ల సంగతి. మాస్టారు దాని మీద 1964 ఆమ్‌స్టర్‌డామ్ ఇంటర్‌జోనల్ పట్టిక రాశారు. ఇరవై నలుగురు ఆటగాళ్ళు, ఇరవై మూడు ఆటలు. స్మిస్లోవ్ 17, లార్సెన్ 17, స్పాస్కీ 17, తాల్ 17, స్టెయిన్ 16½, బ్రాన్‌స్టీన్ 16, ఇవ్‌కోవ్ 15, ఆ కింద రెషెవ్‌స్కీ, పోర్టిష్ చెరో 14½. "ఆరుగురు వెళ్ళాలి, ఎవరెవరో చెప్పండి" అని అడిగారు. పై నుంచి లెక్కపెట్టి బ్రాన్‌స్టీన్ దాకా వచ్చి ఆగాం. ఆయన ఏమీ అనకుండా డస్టర్ తీసుకుని అయిదో పేరును చెరిపారు, తరువాత ఆరో పేరును చెరిపారు. చెరిపిన చోట తెల్లటి మరక మిగిలింది. ఇవ్‌కోవ్ పేరు చుట్టూ సున్నా చుట్టి, రెషెవ్‌స్కీతో అదనపు పోటీ గెలిచిన పోర్టిష్ చుట్టూ మరో సున్నా చుట్టారు. స్మిస్లోవ్, స్పాస్కీ, తాల్‌లతో మళ్ళీ ముగ్గురి లెక్క నిండిపోయిందని మాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మాలో ఒకడు, "ఇదేం అన్యాయం మాస్టారూ, స్టెయిన్‌కు రెండు పాయింట్లు ఎక్కువ ఉన్నాయి కదా" అని లేచి నిలబడ్డాడు. మాస్టారు వాణ్ణి కూర్చోమనలేదు. వాడు చాలాసేపు అలాగే నిలబడి ఉన్నాడు.

మూడోసారి 1967లో, ట్యునీషియాలోని సూస్‌లో. ఈసారి దేశాల లెక్క అడ్డు రాలేదు. స్టెయిన్, రెషెవ్‌స్కీ, హోర్ట్ ఆరో స్థానంలో సమానంగా నిలిచారు. 1968లో లాస్ ఏంజెలెస్‌లో వాళ్ళ ముగ్గురి మధ్య అదనపు పోటీ పెడితే అందులోనూ ముగ్గురికీ సమానమైన పాయింట్లే వచ్చాయి. చివరకు సూస్‌లో ఎవరెవరి మీద గెలిచారన్న లెక్క చూసి రెషెవ్‌స్కీని పంపించారు. ఇలా మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చిన స్టెయిన్ క్యాండిడేట్స్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు.

సూస్‌లోనే ఆయన ఫిషర్‌తో ఆడాడు. మా గోల పడలేక మాస్టారు చూపించిన ఏకైక ఫిషర్ ఆట అదే. గోడకు ఆనించి నిలబెట్టే ఒక ప్లైవుడ్ పలక మా దగ్గర ఉండేది. గడికొక మేకు కొట్టి, అట్టముక్కల మీద పావుల బొమ్మలు గీసి తగిలించేవాళ్ళం. తెల్లపావులు ఫిషర్‌వి, నల్లవి స్టెయిన్‌వి, ఆరంభం రూయ్ లోపెజ్. పద్నాలుగో ఎత్తు నుంచి స్టెయిన్ ఆడిన తీరును మాస్టారు ఒక్కొక్క అట్టముక్క మేకు మీద మారుస్తూ చూపించారు. నడుమనున్న బంటును మార్చుకున్నాడు, ఏ5 గడిలోకి తన బంటును తోసి ఫిషర్ దాన్ని చంపేలా చేశాడు, వెంటనే తిరిగి చంపకుండా సి5లోకి మరో బంటును నడిపాడు. ఓ పక్క బంటు పోతున్నా లెక్క చేయకుండా తెల్లవాడి కేంద్రాన్ని పగలగొట్టడానికి దిగాడు. ఫిషర్ తన బంటును ఇ5కు తోసి రాజు వైపు దాడికి మళ్ళాడు. ఇరవై ఎనిమిదో ఎత్తులో అదే బంటు ఇ6కు చేరింది. స్టెయిన్ ఎఫ్5కు బంటును తోసి అడ్డుకోబోతే, ఫిషర్ బిషప్పు ఆ బంటునే చంపి అక్కడ కూర్చుంది. "ఆ బిషప్పును చంపితే ఏమవుతుందో రేపు చెప్పండి" అని మాస్టారు ఆపేశారు. రాత్రంతా పావులు పేర్చుకుని చూశాను. దాన్ని చంపితే తెల్ల మంత్రి జీ3కి వచ్చి కిస్తీ చెబుతుంది, ఆ తరువాత నల్లరాజుకు నిలువ నీడ ఉండదు. స్టెయిన్ దాన్ని ముట్టుకోలేదు, మంత్రుల్ని మార్చుకుని, 53వ ఎత్తు దాకా పెనుగులాడి ఓడిపోయాడు. ఫిషర్ పోటీ మధ్యలో తప్పుకోవడంతో ఆయన ఆడిన ఆటలన్నీ పట్టిక నుంచి తీసేశారు కాబట్టి ఆ ఓటమి స్టెయిన్ లెక్కలోకి ఎక్కనే లేదు. ఓడిన ఆటను ఎందుకు చూపించారని అడిగితే మాస్టారు, "ఫిషర్ మీద నల్లపావులతో ఆడుతూ డ్రా కోసం చూడని వాణ్ణి మీకు చూపిద్దామని" అన్నారు.

ఇంతవరకు చదివినవారికి స్టెయిన్ అంటే దురదృష్టవంతుడన్న మాటే మిగలవచ్చు. మాకూ అప్పట్లో అలాగే మిగిలింది. ఇన్నేళ్ళు ఆయన ఆటలు మళ్ళీ మళ్ళీ ఆడుకున్నాక, ఆ మాట ఆయనకు తగదని నాకు గట్టిగా అనిపిస్తోంది. సోవియట్ ఛాంపియన్‌షిప్‌ను మించిన కఠినమైన పోటీ ఆ కాలంలో ప్రపంచంలోనే అరుదు. దాన్ని స్టెయిన్ నాలుగేళ్ళ వ్యవధిలో మూడుసార్లు గెలిచాడు. 1963 పోటీలో స్పాస్కీ, ఖోల్మోవ్‌లతో సమానంగా నిలిచి, ముగ్గురి అదనపు పోటీలో వాళ్ళిద్దరినీ వెనక్కి నెట్టాడు. 1965లో టాలిన్‌లో గెలిచాడు. 1966 చివర్లో మొదలై 1967లో ముగిసిన త్బిలీసీ పోటీలోనూ ఆయనే ఛాంపియన్. అదే 1967లో అక్టోబరు విప్లవం యాభయ్యో వార్షికోత్సవం సందర్భంగా మాస్కోలో జరిగిన అంతర్జాతీయ పోటీలో, అప్పటి ప్రపంచ ఛాంపియన్ పెట్రోస్యాన్, మాజీ ఛాంపియన్లు స్మిస్లోవ్, తాల్, రెండేళ్ళలో ఛాంపియన్ కాబోతున్న స్పాస్కీ అందరూ ఆడుతుండగా, వాళ్ళందరి కన్నా పైన, ఒంటరిగా మొదటి స్థానంలో నిలిచింది స్టెయిన్. క్యాండిడేట్స్ గుమ్మం దాటిన వాళ్ళను, ఆ లోపల గెలిచి వచ్చిన వాళ్ళను ఒకే చోట కూర్చోబెట్టి ఆడిస్తే ఫలితం ఇలా వచ్చింది. మాస్టారు ఆమ్‌స్టర్‌డామ్ పట్టికను నల్లబల్ల మీద రాసినట్టే మాస్కో పట్టికను కూడా రాసి ఉంటే బాగుండేదని, ఆయన మీద ఎంతో గౌరవంతోనే, ఇక్కడ చెబుతున్నాను.

ఆయన ఆటలో నన్ను ఇప్పటికీ పట్టి ఉంచేది వేగం. లెక్క కట్టి నిర్ధారించుకునే లోపలే చెయ్యి పావును పట్టుకున్నట్టుంటుంది, తరువాత మనం తీరిగ్గా లెక్క కట్టి చూస్తే ఆ ఎత్తే సరైనదని తేలుతుంది. నల్లపావులతో కింగ్స్ ఇండియన్, గ్రూన్‌ఫెల్డ్ లాంటి ఆరంభాలు ఎంచుకునేవాడు. వాటిలో కేంద్రాన్ని ముందు ప్రత్యర్థికి వదిలిపెట్టి, ఆ తరువాత దాన్ని కూల్చడం మీదే బతుకుంటుంది, ఒక్క ఎత్తు ఆలస్యమైతే ఊపిరాడదు. బలి ఇవ్వడంలో అందరినీ భయపెట్టిన తాల్‌తో ముఖాముఖి ఆటల్లో పైచేయి స్టెయిన్‌దే.

1971లో మాస్కోలో జరిగిన అల్యోఖిన్ స్మారక పోటీలో ఇరవై ఏళ్ళ కార్పోవ్‌తో కలిసి మొదటి స్థానం పంచుకున్నాడు. నాలుగేళ్ళ తరువాత కార్పోవ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1973లో లాస్ పాల్మాస్‌లో పెట్రోస్యాన్‌తో మొదటి స్థానం పంచుకున్నాడు. అదే ఏడాది బ్రెజిల్‌లోని పెట్రోపోలిస్‌లో జరగవలసిన ఇంటర్‌జోనల్‌లో ఆయనకు చోటు ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఇది నాలుగో ప్రయత్నం. మేము పదో తరగతిలోకి వచ్చాం, ఈసారి స్టెయిన్ వెళ్ళితీరతాడని మాలో మేము పందేలు కూడా కాసుకున్నాం.

ఇంగ్లండులోని బాత్ నగరంలో జరిగే ఐరోపా జట్ల పోటీకి సోవియట్ జట్టుతో బయలుదేరవలసిన సమయంలో, 1973 జూలై 4న, మాస్కోలోని రోసియా హోటల్‌లో గుండెపోటు వచ్చి స్టెయిన్ చనిపోయాడు. మాకు ఆ సంగతి చాలా రోజులు ఆలస్యంగా, మాస్టారు చేతిలోని ఒక ఆంగ్ల పత్రిక కత్తిరింపు ద్వారా తెలిసింది. నాలుగంగుళాలు కూడా లేని ఆ ముక్కను ఆయన మా చేతుల్లో పెట్టి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలుచున్నారు. నిరుడు నల్లబల్ల ముందు లేచి నిలబడ్డ మిత్రుడే దాన్ని చదివి తెలుగులో చెప్పాడు, 'గుండె' అన్న మాట దగ్గర ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం మాస్టారు సంతాప వాక్యాలేవీ చెప్పలేదు. ప్లైవుడ్ పలక తీయించి, ఫిషర్‌తో ఆడిన ఆటలో పదహారో ఎత్తు దగ్గర, నల్లబంటు సి5కు వచ్చిన చోట, అట్టముక్కలు తగిలించారు. ఉన్న అయిదు బల్లల మీదా అదే స్థితి పేర్చమన్నారు. "ఇక్కడ నుంచి ఆడండి. నల్లవాడు ఓడకూడదు" అన్నారు. నాకు నల్లపావులు వచ్చాయి. ఇరవై ఎనిమిదో ఎత్తుకు ముందే నా రాజు చుట్టూ తెల్లపావులు మూగాయి, ముప్పై అయిదో ఎత్తులో ఆట కట్టింది. మిగిలిన మూడు బల్లల మీదా నల్లవాడు ఓడిపోయాడు. ఆ మిత్రుడి బల్ల మీద మాత్రం చీకటి పడే దాకా ఆట నడిచింది. మాస్టారు లైటు వేసి, వాడి వెనక నిలబడి, ఒక్క మాట కూడా సాయం చెప్పకుండా చూశారు. చివరకు తెల్లవాడు చెయ్యి చాచి డ్రా అడిగాడు. మా వాడు పలక వైపు ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపి, ఏనుగును ముందుకు జరిపాడు.