మా పిల్లి విబూదికి మేడ అలవాటు కావడానికి నాలుగు నెలలు పట్టింది

మార్చిలో ఒక రాత్రి పదకొండున్నరకి పక్క ఫ్లాటు ఆంటీ తలుపు కొట్టారు. "మీ పిల్లి మా వంటింటి కిటికీ బయట కూర్చుని ఉంది బాబూ" అన్నారు. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. మాది నాలుగో అంతస్తు, వాళ్ళదీ నాలుగో అంతస్తే. ఆ కిటికీ బయట అడుగు వెడల్పు సజ్జ తప్ప ఇంకేమీ లేదు.

మా బాల్కనీకి పావురాలు రాకుండా నైలాన్ వల కట్టించాం. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అది లేని బాల్కనీ తక్కువ. వెళ్ళి చూస్తే ఆ వలకి కింది మూలలో కన్నం ఉంది. ఎన్నాళ్ళ నుంచి కొరుకుతోందో, మేం చూడనే లేదు. అందులోంచి దూరి, సజ్జ మీద నడిచి, పక్కింటి దాకా వెళ్ళింది. అక్కడి నుంచి వెనక్కి రావడానికి భయం. నేను పిలిస్తే ఒక అడుగు వేసి కిందికి చూస్తుంది, ఆగిపోతుంది. అది కిందికి చూసినప్పుడల్లా నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

చివరికి ఆంటీ వాళ్ళ కిటికీ దోమల జాలీ తెరిచి, లోపల గట్టు మీద ఉడికించిన చేప ముక్క పెట్టి, లైట్లార్పి అందరం హాల్లో కూర్చున్నాం. ఒంటిగంటన్నరకి గ్రిల్ ఊచల మధ్య నుంచి లోపలికొచ్చి, చేప తిని, ఏమీ జరగనట్టు మూతి తుడుచుకుంది.

దాని పేరు విబూది. రెండేళ్ళ కిందట వానల్లో మా సెల్లార్లో దొరికింది. బూడిద రంగు, నుదుటి మీద చారలు. అప్పుడు మా ఇంట్లో ఉన్న అమ్మ "అడ్డబొట్టు పెట్టుకుని పుట్టిందిరా" అని ఆ పేరు పెట్టింది. అప్పటి నుంచీ అది గడప దాటింది పశువుల డాక్టర్ దగ్గరికే. తిండికి లోటు లేదు, ఆపరేషన్ కూడా చేయించాం. అయినా చలికాలం పోయేసరికి తెల్లవారుజామున తలుపు దగ్గర కూర్చుని అరవడం, సాయంత్రాలు ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరగడం మొదలుపెట్టింది. కాలు గాలిన పిల్లి అని చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాం కానీ, కాలు కాలకుండానే అలా తిరిగే పిల్లిని అప్పుడే చూశాను.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే దెబ్బలేమీ లేవని చెప్పి, "వల మార్చి ఊరుకుంటే సరిపోదండీ. దాన్ని బయటికి మీరు తీసుకెళ్ళండి. లేకపోతే అదే వెళ్తుంది" అన్నారు.

ఎత్తు నుంచి పడే పిల్లుల గాయాలకి వైద్యులు 'హై రైజ్ సిండ్రోమ్' అని పేరే పెట్టారట. ఆ రాత్రి కూర్చుని దాని గురించి చదివాను. న్యూయార్క్‌లో ఒక పశు వైద్యశాలకి అలా వచ్చిన 132 పిల్లుల మీద 1987లో ఒక పరిశోధన వచ్చింది, వాటిలో నూటికి తొంభై బతికాయి. నాకు కాస్త ధైర్యం వచ్చింది. మా ఆవిడకి చెప్తే, "ఆసుపత్రి దాకా తెచ్చినవాటి లెక్కే కదా అది? పడ్డచోటే పోయినవాటిని ఎవరు తెస్తారు?" అంది. ధైర్యం అక్కడితో సరి.

ముందు బాల్కనీ పని పట్టాం. వల వేసే అతను నిజాయితీపరుడు. "సార్, ఇది పావురాలకి. పిల్లి కొరికితే నా పూచీ లేదు" అనేశాడు. ఇన్విజిబుల్ గ్రిల్ అని సన్నటి స్టీలు తీగలు బిగిస్తున్నారు కదా, అదీ చూశాం. తీగకీ తీగకీ మధ్య రెండు అంగుళాల పైనే సందు. పిల్లికి తల పట్టిందంటే ఒళ్ళంతా పట్టినట్టే. ఆఖరికి వెల్డింగ్ షాపులో ఫ్రేములు చేయించి, అంగుళం గళ్ళ స్టీలు మెష్ బిగించాం. పదకొండు వేలయింది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు ఎలివేషన్ పాడవుతుందని అడ్డం పడ్డారు. పనిలో పనిగా అసలు పెంపుడు జంతువులే వద్దని తీర్మానం చేద్దామని ఒకాయన లేచాడు. అలాంటి నిషేధాలు చెల్లవని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చిందని చెప్పి ఆ మాట ఆపాను. మెష్‌ని మాత్రం రెయిలింగ్‌కి లోపలి వైపు బిగించాం, బయటికి కనిపించదు. గొడవ అంతటితో పోయింది.

తర్వాత మొక్కల వంతు. మనీ ప్లాంట్ ఆకు కొరికితే పిల్లికి నోరు మండి చొంగ కారుతుందట, దాన్ని వంటింటి కిటికీ పైకి మార్చాం. గన్నేరు కుండీని ఎవరికో ఇచ్చేశాం. డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది లిల్లీల గురించి. మన పూలకొట్లో లిల్లీ అని అమ్మే నేలసంపెంగ కాదు, బొకేల్లో పెడతారే, పెద్ద రేకుల పువ్వు, అది. దాని పుప్పొడి ఒంటికంటి, పిల్లి ఒళ్ళు నాక్కుంటే చాలు, కిడ్నీలు పోతాయి. అప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతి బొకేనీ గుమ్మంలోనే తనిఖీ చేస్తున్నాం.

ఖాళీ అయిన కుండీల్లో గరిక వేశాం. అమ్మ ఫోన్లో ఒక చిట్కా చెప్పింది. కుప్పింటాకు మొక్కని వేళ్ళతో సహా పీకి పిల్లి ముందు పడేసి చూడమంది. మా వీధి చివర ఖాళీ స్థలంలో కావలసినంత ఉంది. ఒకటి పీకి తెచ్చి పెడితే, విబూది ఆ వేళ్ళకి మొహం రాసి, బుగ్గలు రాసి, వెల్లకిలా పడి దొర్లింది. కొరుకుతుందేమోనని పది నిమిషాల్లో తీసేశాను. విదేశాల్లో క్యాట్‌నిప్ అని పొట్లాల్లో కొంటారే, ఆ సరదా మనకి రోడ్డు పక్కన ఊరికే దొరుకుతోంది.

టీకాలు ఎలాగూ వేయిస్తున్నాం. మూడు జబ్బులకి కలిపి ట్రైక్యాట్, విడిగా రేబిస్. కార్డు తీసి తేదీలు చూసుకున్నాం. పిడుదులకి మెడ మీద వేసే చుక్కల మందు కొనడానికి వెళ్తే షాపతను కుక్కలది చేతిలో పెట్టాడు, "రెండూ ఒకటే సార్" అని. ఒకటి కాదు. కుక్కల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం. మైక్రోచిప్ కూడా వేయించాం, పదిహేను అంకెల నంబరు. కానీ మన దగ్గర దొరికిన పిల్లిని ఎవరు స్కాన్ చేయిస్తారు? అందుకని నా ఫోన్ నంబరు చెక్కించిన బిళ్ళ కూడా తగిలించాను.

ఇక హార్నెస్. మెడపట్టీకి తాడు కట్టకూడదు, పిల్లి గింజుకుంటే మెడకి బిగుసుకుంటుంది. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్‌కి వీపు మీద కొక్కెం ఉంటుంది, తాడు అక్కడ తగిలించాలి. ఆన్‌లైన్లో తెప్పించి, ఉత్సాహం కొద్దీ ఆ రోజే తొడిగాను. విబూది నిలబడ్డచోటే పక్కకి ఒరిగిపోయింది. ఎముకలు లేనట్టు. లేపి నిలబెడితే మళ్ళీ పడింది. నేను హడలిపోయి డాక్టరమ్మకి వీడియో పంపితే, నవ్వుతున్న బొమ్మ పెట్టి "అన్ని పిల్లులూ అంతే" అని రాశారు. ఒంటికి ఏదైనా పట్టి ఉంటే అవి అలా బిగుసుకుపోతాయట.

విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాను. మూడు రోజులు హార్నెస్‌ని అన్నం గిన్నె పక్కన పడేసి ఉంచాను. నాలుగో రోజు వీపు మీద ఊరికే వేసి, ఉప్పు వెయ్యని చికెన్ ముక్క పెట్టాను. తర్వాత బకిల్ పెట్టి ఒక్క నిమిషం, మర్నాడు రెండు నిమిషాలు. వారానికి తోక ఎత్తి హాల్లో తిరిగింది. నేను మురిసిపోతుండగా ఒకసారి సోఫా కిందికి సగం దూరి, వెనక్కి నడిచి, హార్నెస్‌ని నా చేతికి వదిలేసి వెళ్ళిపోయింది. ఇదంతా ఇంట్లో జరిగింది కాబట్టి సరిపోయింది. పిల్లి ముందుకి లాగదు, వెనక్కి లాగుతుంది. సన్న పట్టీలది పక్కన పడేసి, చొక్కాలా ఒళ్ళంతా పట్టే రకం కొన్నాం. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, మూడు దూరకూడదు. కావాలనే వెనక్కి లాగేలా చేసి పదిసార్లు చూశాకే నమ్మాను.

ఇంకొక్క నియమం మాత్రం నేను ఇప్పటికీ తప్పలేదు. విబూది మా గుమ్మం తన కాళ్ళతో దాటదు. బుట్టలో కూర్చోబెట్టి, మూత వేసి, మేడ మీదికి వెళ్ళాకే తీస్తాను. ఆ గుమ్మంలోంచి నడిచి వెళ్ళొచ్చని దానికి ఒక్కసారి తెలిస్తే, పాలవాడొచ్చినా కొరియర్ వచ్చినా కాళ్ళ సందులోంచి దూసుకుపోతుంది.

మే నెల మొదటి వారంలో మేడెక్కాం, పొద్దున్న ఐదున్నరకి. ఆ నెలలో సాయంత్రం ఏడింటికి కూడా మేడ పెనంలా ఉంటుంది. నేల మీద చెయ్యి ఐదు సెకన్లు ఆన్చి ఉంచలేకపోతే పిల్లి పాదానికీ అంతే. మెట్ల తలుపు గడియ పెట్టి, పిట్టగోడకి దూరంగా మధ్యలో కూర్చుని మూత తీశాను. తల బయట పెట్టింది. ఒక పావురం టపటపా లేచింది. తల లోపల పెట్టింది. అంతే. నాలుగు నిమిషాలు. మర్నాడు ఆరు నిమిషాలు. ఐదో రోజుకి బుట్ట దిగి, తన చుట్టూ తాను ఒకసారి తిరిగి, నీళ్ళ ట్యాంకు పైపు దాకా వెళ్ళి వాసన చూసింది. బుట్ట మూత తీసే ఉంచేవాణ్ణి. ఏ చప్పుడైనా అందులోకే పరుగు.

తప్పు చేసింది జూన్‌లో. అన్నీ బాగానే ఉన్నాయి కదా అని నాకు పొగరెక్కింది. పిల్లిని తాడు పట్టి పార్కులో నడిపించేవాళ్ళ వీడియోలు చూసి చూసి, ఒక ఆదివారం కింద కాలనీ పార్కుకి తీసుకెళ్ళాను. బుట్ట తీసిన రెండు నిమిషాలకి గేటు దగ్గర కుక్కలు కనిపించాయి. మూడున్నాయి. అవి మా వైపు రాలేదు, కనీసం మొరగలేదు. ఊరికే నిలబడి చూశాయి. విబూదికి అది చాలు. నా కాలు, నడుము, మెడ మీదుగా నెత్తి మీదికి ఎక్కేసింది, చెట్టెక్కినట్టు. తలకి పిల్లి, మెడ మీద నెత్తురు, చేతిలో ఖాళీ బుట్ట. అలాగే లిఫ్టెక్కాను.

గీతల్ని సబ్బు రాసి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. కడుక్కున్నాను. పిల్లికి టీకా ఉన్నా సరే, డాక్టర్ నాకు టీటీతో పాటు రేబిస్ డోసులు కూడా మొదలుపెట్టాడు. ఇంజెక్షన్లు నాకు లెక్క కాదు. అది ఒకరోజంతా మంచం కింద ఉండి తిండి ముట్టలేదు, అదీ బాధ. బుట్టని చూస్తే పారిపోయేది. మళ్ళీ బుట్టలో దాని తువ్వాలు వేసి హాల్లో మూల పెట్టి, దాని జోలికి వెళ్ళకుండా ఉండటం. దానంతట అది వెళ్ళి అందులో పడుకోవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. పార్కు సరదా నాది, దానిది కాదు. దానికి ఎప్పుడూ ఆ ట్యాంకు పైపే కావలసింది.

మా ఆఫీసులో ఒకాయనకి పర్షియన్ పిల్లి ఉంది. నన్ను చూసి ఆయనా హార్నెస్ కొన్నాడు. మూడుసార్లు బయటికి తెస్తే మూడుసార్లూ నోరు తెరిచి ఒగర్చింది. మానేశాడు. మంచి పని చేశాడు. దానికి బాల్కనీలో పొద్దుటెండ చాలు.

జులైలో అమ్మ వచ్చింది. తణుకు పక్కన మా ఊళ్ళో పిల్లులకి తలుపులూ గడియలూ లేవు. మొదటిరోజు మాతో మేడెక్కి తాడు చూసి, "ఇదేంట్రా, పిల్లికి పగ్గం వేశావు? ఆవుదూడా ఏమన్నానా?" అంది. "మనింట్లో ఎన్ని పిల్లులుండేవి! దేని ఇష్టం దానిది. పాలు తాగి పోయేవి, మళ్ళీ ఎప్పుడో వచ్చేవి."

"వాటిల్లో ముసలిదై పోయింది ఏదమ్మా?" అన్నాను. వాదించాలని కాదు, నిజంగానే నాకు గుర్తులేదు.

అమ్మ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. తెల్లది బస్సు కింద పడింది. మచ్చలదాన్ని కుక్కలు పట్టాయి. దాని పిల్ల బావిలో పడింది, నాన్న బకెట్ దించేలోపే... "ఎర్రది ఉండేది చూడూ, నీ పక్కలో పడుకునేది. అది... ఏమైందో తెలీదురా. ఒకరోజు వెళ్ళింది. రాలేదు." ఐదో వేలు మడవలేదు. కాసేపు ట్యాంకు వైపు చూసి, "ఆ తాడు ఇటియ్యి" అంది.

ఇప్పుడు మేడ డ్యూటీ అమ్మదే. ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంటుంది. విబూది నలభై నిమిషాల్లో ఇరవై అడుగులు నడుస్తుంది. పైపు వాసన చూస్తుంది, కూర్చుంటుంది, కాకి వస్తే చెవులు వెనక్కి పెడుతుంది, మళ్ళీ అదే పైపు వాసన చూస్తుంది. నిన్న నాకు ఆఫీసు టైమవుతోందని బుట్ట దగ్గరికి జరిపితే అమ్మ కసిరింది.

"ఉండరా. దాని పని ఇంకా అవ్వలేదు."