పేర్లతో చెప్పిన సాక్ష్యం

మా చర్చి సంఘంలో జబ్బు నయమైన వాళ్లు ఆదివారం ఆరాధన మధ్యలో లేచి సాక్ష్యం చెప్పడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఆ సాక్ష్యాలకు ఒక వరస ఉంటుంది. డాక్టర్లు చేతులెత్తేశారు, ఇంటిల్లిపాదీ ఉపవాస ప్రార్థన చేశాం, మంచం మీది మనిషి లేచి కూర్చుంది, దేవునికే మహిమ. చిన్నప్పటి నుంచి వింటున్నదే, తప్పు పట్టను. కానీ 2021 వేసవిలో కొవిడ్ వచ్చి తగ్గాక నా వంతు వచ్చినప్పుడు ఆ వరసలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా విషయంలో డాక్టర్లు చేతులెత్తేయలేదు. రాత్రీ పగలూ పనిచేసింది ఆ చేతులే. అది దాచిపెట్టి సాక్ష్యం చెప్పొద్దని మా అయ్యగారే, అంటే మా సంఘం పాస్టరే అన్నారు.

నేను కాజీపేటలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. మా ఆయన హన్మకొండలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తారు. ఆ ఏడాది మార్చి 24 నుంచి బడులు మళ్లీ మూతపడ్డాయి, నా జీతం ఆగింది. ప్రైవేటు టీచర్లకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రకటించింది. ఇల్లు గడవడం ఎట్లా అన్న టెన్షన్‌లో ఉన్న మాకు జబ్బు గురించి ఆలోచించే తీరిక కూడా లేదు.

మా అయ్యగారు పెద్ద ప్రసంగీకులేం కారు. గొంతు బొంగురు, వాక్యం చెబుతూ చెబుతూ ఎటో వెళ్లిపోతారు, ఆయన భార్య, మా అమ్మగారు, దగ్గితే మళ్లీ దారిలో పడతారు. టీవీఎస్ ఎక్సెల్ మీద సంఘమంతా చుట్టి రావడం మాత్రం ఆయనకు బాగా తెలుసు. 2020 జూన్ 8 నుంచి ప్రార్థన మందిరాలు తెరుచుకోవచ్చని ప్రభుత్వం అన్నప్పుడు ఆయన ముందుగా చేసిన పని, మా షెడ్డుకు పక్కల కొట్టిన రేకులు రెండు వైపులా విప్పించడం. గాలి ఆడాలన్నారు. జంపఖానాలు ఎత్తేసి ప్లాస్టిక్ కుర్చీలు దూరం దూరంగా వేయించారు. ఒక్క ఆరాధనను మూడు చేసి, ఒక్కోటీ గంటలోపే ముగించారు. గొంతెత్తి పాడితే తుంపర్లు ఎక్కువ పోతాయని పాటలు తగ్గించారు. బల్ల ఆరాధనలో (ప్రభువు రాత్రి భోజనంలో) అందరికీ తిరిగే ఒక్క గిన్నె పోయి చిన్న చిన్న స్టీలు గ్లాసులొచ్చాయి. శనివారం రాత్రి అమ్మగారు వాటిని మరిగే నీళ్లలో వేసి, తెల్లబట్ట మీద బోర్లించేవారు. కానుకల సంచి తిప్పడం మానేసి గుమ్మం దగ్గర డబ్బా పెట్టారు, దాని పక్కనే ఫోన్‌పే అట్ట. ఆ అట్ట మీద చాలా జోకులు పేలాయి.

అందరికీ నచ్చలేదు. సంఘ పెద్దల్లో ఒకాయన ఉన్నారు, రైల్వేలో చేసి రిటైరయ్యారు, మేమంతా పెద్దయ్య అంటాం. సమాజంగా కూడడం మానొద్దని హెబ్రీ పత్రిక పదో అధ్యాయంలోనే రాసి ఉంది, మీరేమో జనాన్ని ముక్కలు చేస్తున్నారని ఆయన అందరి ముందే అన్నారు. అయ్యగారు కోపం తెచ్చుకోలేదు. "దాని ముందు వచనం గూడ సదువు పెద్దయ్యా. ఒకరి మేలు ఒకరం ఆలోచించాలె, ప్రేమకు, మంచి పనులకు ఒకరినొకరం పురికొల్పుకోవాలె అని ఉన్నది. ఆ మేలు కోసమే దూరం కూసుంటున్నం" అన్నారు. తర్వాతి వారం లూకా సువార్తలోని పదిమంది కుష్ఠరోగుల కథ చెప్పారు. వాళ్లు ఏసు దగ్గరికి రాకుండా దూరంగా నిలబడే కేక వేశారనీ, దూరం నుంచి వేసిన ఆ కేకా ఆయనకు వినబడిందనీ. బాగుపడ్డ పదిమందిలో కృతజ్ఞత చెప్పడానికి వెనక్కి వచ్చింది ఒక్కడే, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. ఆ రెండో సంగతి నాకు అప్పుడు పెద్దగా పట్టలేదు.

2021 ఏప్రిల్ 4న ఈస్టర్. తెల్లవారుజామున సమాధుల తోటలో చేసే ఆరాధనను ఆరుబయటే కదా అని ఉంచారు, కానీ వీధులవారీగా పంచి పిలిచారు. అయ్యగారికి యాభై దాటాయి. 45 ఏళ్లు నిండినవాళ్లకు ఏప్రిల్ 1 నుంచి టీకా ఇస్తున్నారు కాబట్టి అప్పటికే వేయించుకుని, నొప్పిగా ఉన్న భుజం పట్టుకుని మరీ చూపించారు. టీకా వేసుకుంటే ఏదో అవుతుందని వాట్సాప్‌లో వచ్చినవన్నీ నమ్మినవాళ్లలో కొందరు ఆ భుజం చూసి కదిలారు. మా ఆయన వేయించుకున్నారు. నాకు 42, ఇంకా వంతు రాలేదు.

ఏప్రిల్ చివర్లో జ్వరం పట్టుకుంది. మొదట ఎండదెబ్బ అనుకున్నాం. ఆవకాయకు నూరిన వెల్లుల్లి ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన రాకపోయేసరికి మా అత్తమ్మ వెనక్కి జరిగి నిలబడింది. పరీక్షలో పాజిటివ్. నేను వెనక గదిలో, మిగతావాళ్లు ముందు గదిలో. ఆశా వర్కర్ మందుల కిట్టు గేటుకు తగిలించి పోయింది.

ఎక్కడ అంటుకుందో ఇప్పటికీ తెలియదు. కానీ మా వీధిలో తెలిసినవాళ్లు చాలామంది తేలారు. ఫలానా పెళ్లికి పోయింది, ఫలానా దుకాణానికి పోయింది, చర్చిలోనే అంటుకుని ఉంటుంది. ఫోను చేసిన ప్రతివాళ్లూ ముందు అదే అడిగేవారు. అయ్యగారు సంఘం వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టారు: "ఎక్కడికెళ్లి వచ్చిందని ఎవ్వలిని అడగొద్దు. ఏం కావాలె అని అడుగుండ్రి. అడిగి, తెచ్చి గేటు కాడ పెట్టి, ఫోన్ చేసి చెప్పి పోండ్రి." ఆ రోజు నుంచి మా గేటుకు సంచులు వేలాడడం మొదలైంది. కొబ్బరిబోండాలు, గుడ్లు, ఒకసారి ఎవరో అరకిలో ఖర్జూరాలు.

అన్నిటికంటే నాకు గుర్తున్నవి మా పక్కింటి వదినె పెట్టిన డబ్బాలు. వాళ్లది దర్గా కాజీపేట. రంజాన్ ఉపవాసాలు నడుస్తున్నాయి. సహరీకి తెల్లవారకముందే లేచి వండిన ఖిచిడీ, చింతపండు ఖట్టా స్టీలు డబ్బాలో సర్ది ప్రహరీ గోడ మీద పెట్టి, వేలి ఉంగరంతో గోడకున్న పైపు మీద టకటకా కొట్టేది. పొద్దంతా మంచినీళ్లు కూడా ముట్టని మనిషి నాకు మధ్యాహ్నం మళ్లీ జావ కాచి పంపేది. మే 14న పండుగ, నమాజు ఇంట్లోనే చేసుకున్నారని తర్వాత చెప్పింది.

ఆక్సీమీటర్‌లో అంకె మెల్లగా దిగింది. 96, 95. బోర్లా పడుకుంటే పెరిగేది, లేచి బాత్రూం దాకా నడిస్తే 90కి పడేది. 94 కంటే తగ్గితే ఆగొద్దని అందరూ చెబుతున్న రోజులవి. మా ఆయన ముందు ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. కౌంటర్‌లో నా అంకె అడగకముందే డిపాజిట్ అంకె చెప్పారు. మా దగ్గర అంత లేదు. అక్కడి నుంచి అదే ఆటోలో వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంకు. ఆటో అతను పక్క పరదాలన్నీ ఎత్తి కట్టి, తను రెండు మాస్కులు పెట్టుకుని, మీటరు మాట ఎత్తకుండా నడిపాడు.

వార్డు గురించి రాయాలంటే ముందు చప్పుడు గురించి రాయాలి. గోడకు బిగించిన ఆక్సిజన్ సీసాలో నీళ్లు బుడబుడమంటూ ఉంటాయి, ప్రతి మంచం దగ్గరా ఒకటి. మాస్కు రబ్బరు ముక్కు మీద కోసుకుపోతుంది, తీస్తే ఊపిరి అందదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో ఎప్పుడూ లేని షుగరు మూడు వందలు దాటింది. డాక్టర్లు, సిస్టర్లు, ఆయాలు అందరూ ఒకే తెల్లటి సూట్లలో ఉండేవారు. ఎవరు ఎవరో తెలియక వీపు మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసుకున్నారు. చెమటకు ఆ అక్షరాలు పాకిపోయేవి.

అయ్యగారు రోజూ సాయంత్రం ఫోను చేసేవారు. "నువ్వు మాట్లాడకు బిడ్డా. నేను అడుగుత, నువ్వు మెసేజ్ పెట్టు." నేను పొడవాటి ప్రార్థన వస్తుందనుకున్నాను. ఆయన అడిగింది వేరు. "పొద్దుగాల నీకు నీళ్లు తాగిచ్చింది ఎవలు?" తెలియదని పెట్టాను. "పేరు అడుగు. దేవునికి స్తోత్రం చెప్పుడు మనకు అలవాటే. చేసిన మనిషి పేరే మన నోటికి రాదు." నాకు నిజంగా విసుగొచ్చింది. ఊపిరి తీయడమే గగనంగా ఉంటే ఈయనకు పేర్లు కావాలట.

అయినా అడిగాను. రాత్రి డ్యూటీ సిస్టర్‌ది నర్సంపేట. పాలు మరవని బిడ్డను తల్లి దగ్గర వదిలి హాస్టల్లో ఉంటోంది. బెడ్ పాన్ తీసే ఆయా మాది స్టేషన్ ఘన్‌పూర్ అంది, బస్సు లేనప్పుడు ఎట్లా వస్తున్నావంటే నవ్వింది. పేరు అడిగినందుకు ఆమె మళ్లీ వచ్చి నా దిండు సరిచేసి పోయింది. అయ్యగారు ఆ సాయంత్రం నా పేరుతో పాటు వాళ్ల పేర్లూ పలికి ప్రార్థన చేశారు. తర్వాత నాకే అలవాటైంది. సీసా మార్చినవాడు, ఎక్స్‌రే బండి తోసినవాడు, అన్నం ప్యాకెట్ మూత విప్పి ఇచ్చిన ఎదుటి మంచం కొడుకు. వేలితో ఒక్కో పేరూ ఫోన్లో కొట్టుకునేదాన్ని. భయం పోలేదు గానీ, భయపడడం తప్ప ఇంకో పని దొరికింది.

పక్క మంచం ఆమెది ములుగు దిక్కు. మాస్కులోంచే నాతో సైగలు చేసేది. ఒకరాత్రి ఆమెను ఐసీయూకు మార్చారు, మర్నాడు ఆమె లేదని తెలిసింది. ఆ సాయంత్రం అయ్యగారికి మెసేజ్ పెట్టాను: ఆమె కూడా ప్రార్థన చేసుకుంది కదా, ఇప్పుడు నన్ను దేనికి కృతజ్ఞత చెప్పమంటారు? చాలాసేపు జవాబు లేదు. తర్వాత ఫోను మోగింది. "నాకు తెల్వదు బిడ్డా" అన్నారు. దేవుని చిత్తం అనలేదు, పరీక్ష అనలేదు. "వాళ్లింటోళ్ల నంబరు దొరుకుతదా? తినెటందుకు ఉన్నదో లేదో కనుక్కుందాం" అన్నారు. నంబరు సిస్టర్ ద్వారా ఆ ఇంటివాళ్లనే అడిగి తెప్పించాం. మే 12 నుంచి లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకే సడలింపు. ఆ నాలుగు గంటల్లో ములుగు పోయి రావడం ఎక్సెల్ మీద అయ్యే పని కాదు. అక్కడి సంఘం కాపరికి ఫోను చేసి సరుకులు ఇప్పించారు. ఆ కుటుంబం మా మతం కాదు.

మే 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎంజీఎంకు వచ్చి కొవిడ్ వార్డు చూసినప్పుడు నేను ఇంట్లో టీవీ ముందు ఉన్నాను. ఇల్లు చేరడమే కోలుకోవడం అనుకున్నాను గానీ కాదు. నాలుగు గిన్నెలు కడిగితే కూర్చోవాలి. దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చారు. గొట్టంలోంచి గాలి లోపలికి లాగితే 600 రాసిన గదిలో మొదటి బంతి లేస్తుంది, ఇంకా గట్టిగా లాగితే 900, ఆ పైన 1200. మూడోది చాలాకాలం కదల్లేదు. మా చిన్నవాడు ఒక్క ఊపులో మూడూ లేపి నాకేసి చూసేవాడు.

జూన్ 20న లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. ఆ రోజు ఆదివారమే. షెడ్డు తెరుస్తారని చాలామంది ఎదురుచూశారు. అయ్యగారు తెరవలేదు, జులైలో చూద్దాం అన్నారు. పెద్దయ్య మళ్లీ గొణిగారు. జులైలో కృతజ్ఞత కూడిక షెడ్డు బయట వేపచెట్టు కింద పెట్టారు. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండి ఫోన్లో వినమన్నారు. ప్రేమ విందు వండారు గానీ కూర్చోబెట్టి పెట్టలేదు, ప్యాకెట్లు కట్టి ఇళ్లకు ఇచ్చారు. ముందు చనిపోయినవాళ్ల పేర్లు చదివారు. తర్వాత, "సాక్ష్యం చెప్పెటోళ్లు నా విశ్వాసం వల్ల బతికిన అనొద్దు. విశ్వాసం తక్కువై మన నడుమ ఎవ్వలు పోలె" అన్నారు. చనిపోయినవాళ్ల ఇళ్లవాళ్లు మాస్కుల పైనుంచి కళ్లు తుడుచుకున్నారు.

నా వంతు వచ్చింది. నిలబడితే ఆయాసం, కుర్చీలోనే కూర్చుని ఫోను తీసి పేర్లు చదివాను. సిస్టర్లు, ఆయాలు, పక్కింటి వదినె, ఆటో అతను (అతని పేరు మా ఆయన స్టాండులో కనుక్కొచ్చారు), గేటుకు సంచులు తగిలించినవాళ్లు. చాలాసేపు పట్టింది. అయిపోయాక పెద్దయ్య గొంతు సవరించుకుని, "సాక్ష్యం చెప్పమంటే రేషన్ షాపుల పేర్లు పిలిచినట్టు పిలిచినవేంది బిడ్డా" అన్నారు. నాకు జవాబు తోచలేదు. అయ్యగారే నవ్వి, "నీ పేరు గూడ పిలిచింది పెద్దయ్యా, నువ్వు ఇనలే. ఆమె దవాఖానల ఉన్నన్ని రోజులు ఆ ఇంటికి బియ్యం మోసింది నువ్వే గదా" అన్నారు.