కేన్యన్ ఫ్లైట్: లెక్క పైనుంచి మొదలెట్టాలి

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ప్రెస్కాట్‌లో విమానం నేర్చుకున్న మనలో గ్రాండ్ కేన్యన్ మీద ఎగరాలని తహతహలాడనివాళ్లు ఉండరు. అక్కడి విమానాశ్రయానికి 79 నాటికల్ మైళ్లే (ఒకటి 1.85 కిలోమీటర్లు), సెస్నా 172 అనే చిన్న విమానంలో ముప్పావు గంట. మన వెనక వచ్చే పిల్లలకు పనికొస్తుందని ఆ ప్లానింగ్ పాఠం రాసిపెడుతున్నాను. మనం నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే.

దూరం చూసి ప్లాన్ మొదలెట్టకండి, ఎత్తు చూసి మొదలెట్టండి. కేన్యన్‌లో చాలా భాగం మీద 14,500 అడుగుల లోపు ఎగరకూడదు (ఎత్తులన్నీ సముద్రమట్టం నుంచే). అంతకన్నా కింద దాటడానికి కారిడార్లు, అంటే గీసిపెట్టిన దారులు, ఉన్నాయి. డ్రాగన్ కారిడార్‌లో మనలాంటి విమానాలు ఉత్తరానికైతే 11,500 లేదా 13,500, దక్షిణానికైతే 10,500 లేదా 12,500 అడుగుల్లో పోవాలి. ప్రెస్కాట్ ఫీల్డే 5,045 అడుగుల ఎత్తున ఉంది. 9,500 దాకా బాగానే ఎక్కుతుంది. ఆపైన వేసవి ఎండలో నిమిషానికి 250 అడుగులు వస్తే మహాభాగ్యం. 11,500కు మిగిలిన 2,000 అడుగులకు 8 నిమిషాలు, అంటే దాదాపు 12 మైళ్లు కావాలి. లోయ అంచు కనబడ్డాక ఎక్కుదామంటే ఆలస్యమైనట్టే.

ట్యాంకులు నిండా నింపే అలవాటు కూడా ఇక్కడ మానాలి. 172ఎస్‌లో వాడుకోగల పెట్రోలు 53 గ్యాలన్లు. గంటకు 9 చొప్పున రెండున్నర గంటలకు 22.5, టాక్సీకీ (నేల మీద నడపడానికి) టేకాఫ్‌కీ ఒకటిన్నర, రిజర్వు ఒక గంటకు 9: మొత్తం 33. పగటిపూట చట్టం అడిగే రిజర్వు అరగంటే, కానీ అక్కడ గంట ఉంచుకోవడమే మంచిది. 35 పోయించుకుంటే 108 పౌన్ల బరువు తగ్గుతుంది, ఎక్కే వేగం పెరుగుతుంది.

ఇక హెడింగ్, అంటే ముక్కు పెట్టాల్సిన దిశ. ట్రూ కోర్స్ (అసలు ఉత్తరం నుంచి కొలిచిన దారి) 010 డిగ్రీలు. గాలి 270 నుంచి 20 నాట్లు (గంటకు నాటికల్ మైళ్లు), మన వేగం 115 అయితే ముక్కు 10 డిగ్రీలు ఎడమకు: 360. వేరియేషన్, అంటే అసలు ఉత్తరానికీ దిక్సూచి ఉత్తరానికీ తేడా, తూర్పుకి సుమారు 10. తూర్పైతే తీసెయ్యాలి, కాబట్టి మాగ్నెటిక్ (దిక్సూచి మీద) 350. కొత్తవాళ్లు తీసెయ్యాల్సింది కలుపుతారు. 20 డిగ్రీలు తప్పి, చివరికి 27 మైళ్లు తూర్పున తేలతారు. అంతకన్నా ముందే, 53 మైళ్ల దగ్గర, ఆ తప్పుదారిలో 10,400 అడుగుల కెండ్రిక్ శిఖరం ఉంది. మనం ఎగిరేది 9,500లో!

స్కేలు విషయంలోనూ జాగ్రత్త. కేన్యన్ చార్టు 1:250,000, సెక్షనల్ అనే మామూలు విమాన చార్టు 1:500,000. ప్లాటర్ (చార్టు మీద కొలిచే పట్టీ) తప్పు అంచుతో కొలిస్తే దూరం రెట్టింపో సగమో వస్తుంది.

మొదటి గుర్తు 35 మైళ్ల దగ్గర ఐ-40 రహదారి. బిల్ విలియమ్స్ కొండ కుడిపక్కన కనబడాలి. ఎక్కేటప్పటి నెమ్మదితో కలిపి 21 నిమిషాలు. అది 24 అయితే గాలి అంచనా తప్పినట్టే, నావ్‌లాగ్‌లో (ప్రయాణ లెక్కల కాగితంలో) మిగతా టైములన్నీ అక్కడే దిద్దుకోవాలి.

కేన్యన్ విమానాశ్రయంలో దిగాలంటే పొద్దున్నే వెళ్లండి. ఫీల్డు ఎత్తు 6,609 అడుగులు. 10 డిగ్రీల చలిలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనం వల్ల విమానానికి తోచే ఎత్తు) 7,600 దగ్గరుంటుంది, 30 డిగ్రీల ఎండలో 10,000కు చేరుతుంది. రన్‌వే దాదాపు 9,000 అడుగుల పొడవు కాబట్టి గాల్లోకి లేస్తారు, లేచాక ఎక్కడమే కష్టం. టేకాఫ్‌కు మిక్స్చర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి, పెట్రోలు పాళ్లు) పూర్తి రిచ్‌లో, అంటే పెట్రోలు ఎక్కువగా, వదిలేస్తే ఉన్న శక్తి కూడా పోతుంది. రన్నప్‌లోనే (టేకాఫ్ ముందు ఇంజన్ పరీక్షలో) ఆర్‌పీఎం గరిష్ఠంగా వచ్చేదాకా లీన్ చేసుకోండి, అంటే పెట్రోలు పాలు తగ్గించుకోండి.