వేడి చేస్తే క్యాలరీలు పెరుగుతాయా?

కొన్నాళ్ల కిందట ఫోన్లో క్యాలరీల లెక్క రాసుకోవడం మొదలుపెట్టాను. ఉడికిన అన్నం వంద గ్రాములు తూచి, యాప్‌లో మాత్రం బియ్యం అన్నచోట నొక్కేదాన్ని. 360 అని చూపించేది. నిజానికి ఆ అన్నంలో ఉండేవి 130 దాకానే, మిగతా బరువంతా నీళ్లే. అంటే వారం రోజులు లేని క్యాలరీలకి టెన్షన్ పడి సగం కడుపుతో లేచానన్నమాట!

అప్పుడే ఇంకో డౌటు వచ్చింది. పొయ్యి మీద ఎక్కిన వేడి కూడా శక్తే కదా, మరి అదేమైనట్టు? కిలో నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి పట్టేదే ఒక కిలోక్యాలరీ (తిండి లెక్కల్లో క్యాలరీ అనేది దీన్నే). పావుకిలో సూపుని 20 నుంచి 60 డిగ్రీలకి తెస్తే అందులోకి చేరేది పది. తాగితే ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, అంతే. ఆ వేడితో కండరాలు పనిచేయవు, అది కొవ్వుగానూ మారదు.

అసలు తేడా అరుగుదలలో ఉంది. పచ్చి బంగాళదుంప కొరికి చూడండి, కరకరలాడుతుంది గానీ అందులో పిండి రేణువులు గట్టిగా బిగుసుకుని ఉంటాయి, జీర్ణరసాలకి సరిగా లొంగవు. 60 డిగ్రీలు దాటాక అవే నీళ్లు పీల్చుకుని ఉబ్బి విచ్చుకుంటాయి, ఇక అరగడం తేలిక. ఉడికించి ఫ్రిజ్‌లో పెడితే కొంత పిండి మళ్లీ బిగుసుకుపోయి, అరక్కుండా పెద్దపేగుదాకా వెళ్తుంది.

పచ్చి గుడ్లు గటగటా తాగేవాళ్లని చూస్తే నాకు జాలి. 1998లో బెల్జియంలో కొలిచి చూశారు (కొద్దిమంది మీదే అనుకోండి): ఉడికిన గుడ్డులో ప్రొటీన్ 91 శాతం అరిగితే, పచ్చిదాంట్లో 51 శాతమే. అంటే దాదాపు సగం వృథా.

విటమిన్లు, అలాంటి ఇతర పోషకాల సంగతి వేరు. టమాటాకి ఎర్రరంగునిచ్చే లైకోపీన్ ఉడికిస్తేనే, అదీ కాస్త నూనె తగిలితేనే, ఒంటికి బాగా పడుతుంది. విటమిన్ సి మాత్రం వేడికి కొంత పోతుంది, ఎక్కువగా నీళ్లలోకి దిగిపోతుంది. ఆకుకూర ఉడికించి, ఆ పచ్చటి నీళ్లు ఇన్నేళ్లూ సింకులో పారబోశాను. ఇప్పుడు మునిగేంత నీళ్లు పోయడం మానేసి, మూతపెట్టి రెండు మూడు నిమిషాలు మగ్గనిచ్చి దించేస్తున్నాను.