ఆరో మనిషికి ఎంత ఖర్చు: లేబర్ ఎకనామిక్స్ వైవాలో నా అనుభవం

లేబర్ ఎకనామిక్స్ పేపర్ పాసయ్యానని మొన్న సాయంత్రం తెలిసింది. రెండో ప్రయత్నంలో. మొదటిసారి తప్పింది రాతపరీక్షలో కాదు, వైవాలో. ఆ మంట పూర్తిగా చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. చల్లారాక రాస్తే మరీ పెద్దమనిషి తరహాలో వస్తుంది.

ముందు నా సంగతి. పదకొండేళ్లుగా జీతాల సెక్షన్‌లో పని. ఎవరికెంత ఇంక్రిమెంటు, కొత్తగా చేరేవాళ్లకు ఎంత ఆఫర్ చేయాలి, ఓవర్‌టైమ్ ఎంత కట్టాలి, రోజంతా ఇదే లోకం. దూరవిద్యలో ఎంఏ కట్టినప్పుడు ఆప్షనల్ కింద లేబర్ ఎకనామిక్స్ కనబడగానే కళ్లు మూసుకుని టిక్ పెట్టాను. జీతాల గురించి నాకొకరు చెప్పేదేముంది?

అప్లికేషన్, ఫీజు, అసైన్‌మెంట్లు ఇబ్బంది లేకుండా అయిపోయాయి. ఫొటో సైజు సరిగా లేదని ఒకసారి తిప్పి పంపారు, అంతే.

మొదటి యూనిట్ శ్రమ సప్లయి. జీతం రేటు పెరిగితే మనిషి ఎక్కువ గంటలు పనిచేస్తాడా, తక్కువ చేస్తాడా? ఇదీ అసలు ప్రశ్న. రేటు పెరిగితే ఖాళీగా కూర్చున్న గంట ఖరీదు పెరుగుతుంది కాబట్టి పని వైపు మొగ్గుతాడు. ఇది ప్రత్యామ్నాయ ప్రభావం. అదే పెరుగుదల వల్ల చేతిలో డబ్బు ఎక్కువై, ఇక చాల్లే అనుకుని విశ్రాంతి వైపూ మొగ్గుతాడు. ఇది ఆదాయ ప్రభావం. ఏది గెలుస్తుందో ముందే చెప్పలేం. రెండోది గెలిచిన చోట సప్లయి రేఖ వెనక్కి వంగుతుంది. పుస్తకంలో దీనికి నాలుగు పేజీలు, మూడు పటాలు. నాకు పటాలతో పనిలేకపోయింది. మా దగ్గర ఓవర్‌టైమ్ రేటు పెంచిన నెలలో కుర్రాళ్లు ఆదివారాలకు పేర్లు ఇవ్వడానికి ఎగబడ్డారు. సీనియర్ ఒకాయన మాత్రం నా టేబుల్ దగ్గరకొచ్చి, ‘బాబూ, ఇదివరకు రెండు ఆదివారాలు వస్తే వచ్చేది ఇప్పుడు ఒకదానికే వస్తోందిగా, రెండోదానికి నా పేరు కొట్టేయి’ అన్నాడు. వెనక్కి వంగిన సప్లయి రేఖ కళ్లద్దాలు పెట్టుకుని నా ఎదురుగా నిలబడింది. లాటరీ తగిలినవాడి సంగతి వేరు. అతని గంట రేటు మారలేదు, డబ్బు మాత్రమే వచ్చింది. కాబట్టి అక్కడ కనబడేది అచ్చంగా ఆదాయ ప్రభావమే. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే ఆ యూనిట్ అయిపోయినట్టే.

మానవ మూలధనం కూడా సులువే. చదువును పెట్టుబడిగా చూసిన గ్యారీ బెకర్, చదివిన ఏళ్లూ అనుభవమూ కలిపి సంపాదనకు సమీకరణం రాసిన జేకబ్ మిన్సర్. తర్వాత 1973లో మైఖేల్ స్పెన్స్ వచ్చి ఇంకో కోణం చూపించాడు. డిగ్రీ మనిషికి కొత్తగా ఏమీ నేర్పకపోయినా, ‘నేను చురుకైనవాణ్ణి’ అని యజమానికి చెప్పే గుర్తుగా పనికొస్తుందన్నాడు. పదకొండేళ్లు బయోడేటాలు చూశాను కదా, స్పెన్స్ మీద నేను రాసిన జవాబు అచ్చు వేసుకోవచ్చు. ఫోర్డ్ కథ కూడా భలే నచ్చింది. 1913లో ఆ కార్ల ఫ్యాక్టరీలో మనుషులు నిలిచేవారే కాదు. పని మానేసి పోయేవాళ్ల రేటు 370 శాతం. అంటే వంద సీట్లు నిండుగా ఉంచడానికి ఏడాదిలో 370 మందిని చేర్చుకోవాలి. 1914 జనవరిలో రోజుకు ఐదు డాలర్లు ప్రకటించాడు, పనిగంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. గేటు ముందు జనం, లోపల మానేసేవాళ్లు తగ్గుముఖం. మార్కెట్ రేటు కంటే ఎక్కువిచ్చి కూడా యజమాని బాగుపడొచ్చన్న వాదానికి అందరూ చెప్పే ఉదాహరణ ఇదే.

రాతపరీక్షలో 71 వచ్చాయి. ఇక వైవా లాంఛనమే అనుకున్నాను.

వైవా రోజు బోర్డులో ముగ్గురు. ఇద్దరు నవ్వు మొహాలు, మధ్యలో ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన మేడం. నా ఫారం చూసి, ‘జీతాల సెక్షనా? అయితే మీ దగ్గరే మేము నేర్చుకోవాలి’ అన్నారు. అది వల అని నాకు తెలియలేదు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను.

‘వేతనం ఎవరు నిర్ణయిస్తారండీ?’

‘డిమాండ్, సప్లయి మేడం.’

‘అలాగా. మీ ఆఫీసులో డిమాండ్ గారు ఏ సీట్లో కూర్చుంటారు?’

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వొద్దని తెలిసే లోపు. ఆవిడ నవ్వలేదు. ‘రేపటి నుంచి మీ కంపెనీ అందరి జీతంలో ఒక్క పైసా తగ్గిస్తే ఎల్లుండికి ఎంతమంది మిగులుతారు?’ అని అడిగారు. అందరూ ఉంటారన్నాను. ‘మీరు చెప్పిన డిమాండ్, సప్లయి లెక్కలో, అంటే ఉద్యోగం ఇట్టే మారగలిగే పూర్తి పోటీ మార్కెట్‌లో, ఎవరూ మిగలకూడదు. మరి ఎందుకు ఉంటారు?’

నాకు తెలుసు ఎందుకు ఉంటారో. ఇల్లు దగ్గర, పిల్లల బడి దగ్గర, వేరే ఉద్యోగం వెతకడానికి టైమ్ లేదు, అలవాటైన మనుషులు. ఇవన్నీ రోజూ వినే మాటలే. కానీ ఆ కుర్చీలో కూర్చుంటే అవి ఎకనామిక్స్ కావనిపించింది. పుస్తకంలో మాట కోసం వెతుక్కుంటూ ఉండిపోయాను. ఆర్థికవేత్త అలన్ మానింగ్ 2003లో తెచ్చిన పుస్తకంలో సరిగ్గా ఇదే ప్రశ్న వేశాడని తర్వాత తెలిసింది.

‘సరే, మోనోప్సొనీ పటం వేయండి’ అని బోర్డు చూపించారు. మోనోప్సొనీ అంటే జీతం ఎంతివ్వాలన్నది యజమాని చేతిలో ఉండే మార్కెట్. లేచాను. పైకి ఎక్కే గీత, అది సప్లయి. కిందికి దిగే గీత, అది డిమాండ్. ‘ఉపాంత వ్యయ రేఖ ఏదీ?’ అన్నారు. ఇంకొక్క మనిషిని తీసుకుంటే అదనంగా అయ్యే ఖర్చును చూపే గీత అది. నేను చదివిన గైడ్‌లో ఆ పటంలో సప్లయి రేఖ, ఉపాంత వ్యయ రేఖ ఒకదానిమీద ఒకటి పడి ఒక్క గీతలా అచ్చయ్యాయి. (ఆ గైడ్ అమ్మినవాళ్ల మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. పటం తప్పుగా వేసేకంటే వేయకుండా వదిలేస్తే పుణ్యం.) సప్లయి గీత మీదే చాక్‌పీస్ పెట్టి మళ్లీ ఒకసారి దిద్దాను. గీత కాస్త లావయింది.

‘రెండూ ఒకటేనా?’

‘అవును మేడం.’

‘అయితే అది మోనోప్సొనీ ఎలా అయింది?’

చెమట. చాక్‌పీస్ రెండు ముక్కలైంది. ఆవిడ కాస్త మెత్తబడి లెక్కలోకి దిగారు. ‘ఐదుగురు పనిచేస్తున్నారు, తలా పది ఇస్తున్నారు. ఆరో మనిషి పదకొండుకు తక్కువైతే రానంటున్నాడు. అతన్ని తీసుకుంటే మీకు అదనంగా అయ్యే ఖర్చెంత?’

‘పదకొండు.’

ఒక్క క్షణం గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ‘జీతాల లెక్క చూసే మీరే పదకొండంటే ఎలాగండీ?’ అన్నారావిడ. అరవలేదు, వెటకారంగానూ అనలేదు. నిజంగా ఆశ్చర్యపోయారు, అదే నన్ను ఎక్కువ పొడిచింది. తలుపు దగ్గర వంతు కోసం నిలబడ్డ కుర్రాడు లోపలికి తొంగి చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. అతని వయసు నా సర్వీసుకు రెట్టింపు కూడా ఉండదు. ‘చదువుకుని మళ్లీ రండి’ అన్నారు. బయటికొచ్చి చేతికంటిన చాక్‌పీస్ పొడి ప్యాంటుకు తుడుచుకున్నాను. సాయంత్రం దాకా ఆ మరక చూసినవాళ్లందరూ ఏమిటని అడగడమే.

వారం రోజులు పుస్తకం ముట్టలేదు. ఆవిడ మీద కోపం, గైడ్ మీద కోపం, ప్రశ్నే అన్యాయమని ఇంట్లో ఉపన్యాసం. తర్వాత ఆఫీసులో ఒక పాత ఫైల్ కోసం వెతుకుతుంటే నేనే రాసిన నోట్ దొరికింది. మా సెక్షన్‌లో ఒక సీటు ఎనిమిది నెలలుగా ఖాళీ. ఒక అమ్మాయి వస్తానంది గానీ, మేం ఇచ్చేదానికంటే పదో వంతు ఎక్కువ అడిగింది. దానిమీద నా నోట్ ఇది: ‘ఈ రేటు కొత్తవారికి ఇస్తే ప్రస్తుతం పనిచేస్తున్న ఐదుగురికీ పెంచాల్సి వస్తుంది కాబట్టి సిఫారసు చేయలేను.’ కింద నా సంతకం, తేదీ.

ఐదుగురు! అచ్చంగా ఐదుగురే. నిలబడ్డచోటే కాగితం వెనక లెక్క వేశాను. ఐదుగురికి పది చొప్పున 50. ఆరుగురికి పదకొండు చొప్పున 66. తేడా 16. ఆరో మనిషి చేతికి వెళ్లేది పదకొండే, యజమానికి పడేది పదహారు. పాతవాళ్లకు తలా ఒకటి చొప్పున పెంచిన ఐదు అందులో ఉన్నాయి. అందుకే ఉపాంత వ్యయ రేఖ సప్లయి రేఖకు పైన ఉంటుంది. నేను ఎనిమిది నెలల క్రితమే మోనోప్సొనీ సిద్ధాంతం రాసి, సంతకం పెట్టి, ఫైల్లో కట్టేశాను. బోర్డు ముందు మాత్రం నోరు పెగల్లేదు.

అక్కణ్ణుంచి మిగతా యూనిట్ దానంతటదే విడిపోయింది. ఆరో మనిషి వల్ల వచ్చే ఉత్పత్తి విలువ 14 అనుకోండి. ఖర్చు 16 కాబట్టి తీసుకోరు, సీటు ఖాళీ. ఇప్పుడు ప్రభుత్వం కనీస వేతనం 11 అని పెట్టిందనుకుందాం. ఐదుగురికీ ఎలాగూ 11 ఇవ్వాల్సిందే, అంటే 55. ఆరుగురైతే 66. ఆరోవాడి అదనపు ఖర్చు ఇప్పుడు పదకొండే. 14 విలువ వచ్చేవాడికి 11 ఖర్చంటే ఎవరైనా తీసుకుంటారు. జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయని నేను కూడా మీటింగుల్లో చాలాసార్లు అన్నాను. ఈ లెక్కలో జీతమూ పెరిగింది, ఉద్యోగమూ పెరిగింది. అయితే కనీస వేతనం 15 అంటే మాత్రం 14 విలువ తెచ్చే ఆరోవాడు మళ్లీ బయటే. హద్దు ఎక్కడుందన్నదే గొడవంతా.

మోనోప్సొనీ అనే మాటను వాడుకలోకి తెచ్చింది 1933లో జోన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్త. అప్పట్లో ఊరికి ఒకే యజమాని ఉంటే తప్ప ఇది వర్తించదని చాలామంది పక్కన పెట్టేశారు. నిజానికి ఒకే యజమాని ఉండక్కర్లేదు, ఉద్యోగం మారడం కష్టమైతే చాలు. పైసా ప్రశ్నకు జవాబు అదే. ఇల్లు, బడి, అలవాటు, అన్నీ అందులో ఉన్నాయి. నాకు తెలిసినవే, చెప్పలేకపోయినవే.

కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా అన్నది నిజంగానే పరీక్షించి చూశారు. 1992 ఏప్రిల్ 1న అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండువైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పెంపుకు ముందూ తర్వాతా సర్వే చేసి 1994లో ఫలితం ప్రచురించారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన దాఖలా కనబడలేదు. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ అనే మరో ఇద్దరు పేరోల్ రికార్డులు, అంటే జీతాల లెక్కలు, తీసుకుని అది తప్పన్నారు. వాదన ఏళ్ల తరబడి నడిచింది. ఫోన్ సర్వే కంటే పేరోల్ రికార్డే నమ్మదగిందని వాళ్లన్నప్పుడు, అబద్ధమెందుకు, నా ఛాతీ కాస్త ఉబ్బింది. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. క్రూగర్ అప్పటికి లేడు, 2019లోనే పోయాడు.

ఈ పేపర్ తీసుకునేవాళ్లకు నేను చెప్పేది రెండు ముక్కలు. గైడ్ కొనకండి. ప్రతి పటాన్నీ ఐదారుగురు మనుషుల లెక్కగా మార్చి కాగితం మీద వేసుకోండి. మిగతాది మీ ఇష్టం. ఫీజు కట్టిన రసీదు మాత్రం పారేయకండి, సప్లిమెంటరీకి అడుగుతారు. నన్ను అడిగారు, నా దగ్గర లేదు, ఆ కిటికీ దగ్గర రెండు పూటలు పోయాయి.

రెండోసారి వైవాకు మేడం రాలేదు. 16 ఎలా వచ్చిందో ఆవిడకే చెప్పాలని రాత్రంతా మనసులో రిహార్సల్ చేసుకుని వెళ్లాను. ఆ కుర్చీలో పెద్దాయన ఒకరున్నారు. ‘ఉద్యోగం లేదు, వెతకడమూ మానేశాడు. నిరుద్యోగా కాదా?’ అని అడిగారు. కాదు, వెతికితేనే నిరుద్యోగి, వెతకనివాడు శ్రామిక శక్తి లెక్కలోనే ఉండడు, అందుకే అందరూ విసిగి ఇంట్లో కూర్చుంటే నిరుద్యోగ రేటు తగ్గినట్టు కనబడుతుంది అన్నాను. ‘వారంలో గంటసేపు కూలి పని చేశాడు?’ ‘లెక్కల ప్రకారం అతను ఉద్యోగి సార్.’ ‘మంచిది, వెళ్లిరండి.’ నాలుగు నిమిషాలు.

నేను లేవలేదు. ‘సార్, మోనోప్సొనీ పటం వేసి చూపించమంటారా?’ అని అడిగాను. ఆయన నన్నూ, గడియారాన్నీ చూశారు. ‘అవసరం లేదమ్మా, బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు’ అన్నారు.

మార్కుల మెమో పోస్టులో రావాలి. ఆఫీసులో ఆ సీటు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ అమ్మాయి వేరేచోట చేరిపోయిందట. పాత నోట్ కింద కొత్త నోట్ ఒకటి రాసి పెట్టాను, ఆరో మనిషి తెచ్చే విలువ పద్నాలుగని చూపించి, ఆరుగురికీ పదకొండు చొప్పున ఇవ్వమని. మా మేనేజర్ చదివి, ‘ఈ పద్నాలుగు ఎక్కణ్ణుంచి తెచ్చావు?’ అని అడిగాడు. దానికి జవాబు ఏ యూనిట్‌లోనూ లేదు.